తువ్వాల కింద ట్రాక్టర్లు

మా ఊళ్లో కూర్చుని తింటాడని పేరు పడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పేరు అన్యాయంగా వచ్చిందని చెప్పలేను. విమానాశ్రయం తెరిచి రెండు మూడేళ్లయిన రోజులవి. శంషాబాద్ చుట్టూ ఫంక్షన్ గార్డెన్లు, రిసార్టులు, ఫాంహౌసులు మొలిచాయి. వాటన్నిటిలోనూ గడ్డి మొలిచింది. మా నాయన జన్మంతా పొలంలో గడ్డి పీకి బతికితే, నేను ఊరివాళ్ల గడ్డి కోసి బతకసాగాను. అందుకు నా దగ్గర ఒక గార్డెన్ ట్రాక్టరు ఉండేది. ట్రాక్టరంటే పొలం దున్నేది కాదు. నడుమెత్తు కూడా లేని చిన్న బండి, పొట్ట కింద కత్తులు, పైన ఒక సీటు. దాని మీద కూర్చుని స్టీరింగు తిప్పుతూ పోతే వెనక పచ్చటి చాప పరిచినట్టు గడ్డి తెగేది. నాకు కోత కన్నా ఆ కూర్చోవడమే ఇష్టమన్న సంగతి మా ఆవిడ ఒక్కతే కనిపెట్టింది.

పెళ్లిళ్ల రోజుల్లో, ఒక బుధవారం పొద్దున, మంఖాల్ దగ్గరి ఫంక్షన్ గార్డెన్ నడిబొడ్డున ఆ బండి ఒక్కసారి పళ్లు నూరి ఆగిపోయింది. ఇంజను మోగుతోంది, చక్రం తిరగదు. గార్డెన్ యజమాని మెట్ల మీద నిలబడి చూశాడు.

“ఐతారం పెండ్లి ఉన్నది. శనివారం పొద్దుగూకేలోపు గడ్డి కోస్తే నువ్వు, లేకుంటే ఇంకొకడు. ఇగ నీ ఇష్టం.”

నాకున్న పెద్ద పని అదొక్కటే. మిగతావన్నీ పచ్చడికి సరిపోయేవి. అన్నం మాత్రం ఆ గార్డెన్ నుంచి వచ్చేది.

బండిని ఆటో ట్రాలీలో వేసుకుని శంషాబాద్ మెకానిక్ దగ్గరికి పోయాను. ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవారు. ఉస్తాద్ గేర్ బాక్స్ విప్పి, ఇనుప ముక్కలు గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు, ప్రసాదం పెట్టినట్టు.

“పండ్లన్నీ రాలిపోయినయ్ భాయ్. ఇంజన్ మాత్రం సింహం లెక్కున్నది.”

“కొత్త గేర్ బాక్స్ దొరకదా?”

“దొరుకుతది. సముద్రం దాటి రావాలె. నీ పెండ్లి ఐతారం అంటున్నవ్.”

“నా పెండ్లి కాదు ఉస్తాద్.”

“ఎవలదైతేంది, పరేషాన్ నువ్వే గద.” కాసేపు గడ్డం గోక్కుని ఒక దారి చెప్పాడు. కొత్వాల్‌గూడ వైపు ఒక రిసార్టులో నా బండి లాంటివే మూడు చచ్చి పడున్నాయట, అమ్ముతారట. “విడి సామాన్లకు తెచ్చుకో. కాని గేర్ల ఏసి నూకి చూడు. అల్కగ ఉరికితే లోపల పండ్లు లేనట్టు. మొరాయిస్తే ఉన్నట్టు. యాద్ పెట్టుకో.”

ఇంటికి వచ్చి ఈ శుభవార్త మా ఆవిడకు చెప్పాను. బండి ఆగినప్పటి నుంచి నేను గడ్డి కోయడం మానేసినా కోతలు కోయడం మానలేదు. మూడు బండ్ల సామాన్లతో పదేళ్లు నడుస్తుందన్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ అంతా విన్నది.

“ఉన్న పైసలతోని ఆరుగురిని పిలువు. భుజాన మిషన్లు ఏసుకొని ఒక్క పొద్దుల కోసిపోతరు.”

“మరి వచ్చే పెండ్లికి?”

“అది అప్పుడు సూద్దాం. చచ్చిన బండ్లు మూడు దెచ్చి వాకిట్ల పెడితే ముగ్గు నీ నెత్తి మీద ఎయ్యాల్నా? నీకు గడ్డి కొయ్యాల్నా, బండి మీద కూసోవాల్నా? సీదా చెప్పు.”

సీదాగా చెప్పే ప్రశ్న కాదది. నేను నసిగాను. చివరికి ఆమే తీర్పు చెప్పింది: “బాపును తోల్కపో. ఆయన కొనమంటే కొను. వద్దంటే వద్దు.”

బాపు అంటే మా మామ. కందుకూరు నుంచి వచ్చి వారం రోజులుగా మా ఇంట్లోనే ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడంతా ఎడ్ల అంగళ్లలో బేరాలు కుదిర్చిన మనిషి. ఎడ్లు తగ్గిపోయాక ఆ చూపు ఊరికే ఉండలేక ఆటోవాళ్లనూ, పెళ్లికొడుకులనూ నడక చూసి వెలకట్టేది. నన్ను ఏ ధరకు ఒప్పుకున్నాడో ఇప్పటికీ చెప్పలేదు.

గురువారం పొద్దున ఇద్దరం బైకు మీద బయలుదేరాం. తీర్పు చెప్పేవాడితో ప్రయాణం కాబట్టి శంషాబాద్‌లో బండి ఆపి మిర్చి బజ్జీలు, ఉస్మానియా బిస్కెట్లు, రెండు చాయ్‌లు చెప్పాను. ఆయన అన్నీ తిన్నాడు. ఇంకో ప్లేటు చెప్పాను. అదీ తిని మూతి తుడుచుకున్నాడు.

“అంగడికి తోలేముందు ఎద్దును మేపినట్టు మేపుతున్నవ్ అల్లుడా.”

“అట్లేం లేదు మామా. ఎండల పోతున్నం గద అని.”

“ఊఁ. ఇంకో చాయ్ చెప్పు. బేరం మాత్రం బేరమే.”

రిసార్టు సూపర్‌వైజరు గుంటూరు వైపు మనిషి. చేతులు కట్టుకుని ఎదురొచ్చాడు.

“రండి సార్, రండి. మూడూ మంచి కండిషన్లో ఉన్నాయండీ. కాకపోతే నడవవు. మూడూ కలిపే ఇస్తాం, విడిగా కుదరదండీ.”

షెడ్డు వెనక మూడూ వరసగా ఉన్నాయి. మొదటిది ఎర్రటిది, తళతళలాడుతోంది, సీటుకు మెత్తటి దిండు కూడా ఉంది. రెండోదాని స్టీరింగుకు దొండతీగ అల్లుకుంది. మూడోది కృత్రిమ చెరువులో పడి నెల రోజులు మునిగి ఉందట. ఒళ్లంతా ఎండిన బురద. నేను ఆలోచించకుండానే ఎర్రదాని మీద ఎక్కి కూర్చున్నాను. దిండు నన్ను లోపలికి లాక్కుంది. దిగి గేరు వేసి తోశాను. వెన్నలా జారిపోయింది.

“చూసినవా మామా! ఎంత అల్కగ పోతుందో!”

“గేరు ఏసినవా?”

“ఏసిన.”

“మరెందుకు ఉరుకుతుంది?”

ఉస్తాద్ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. దిండు మీద నుంచి నా మనసును లేపడం కష్టమైంది. దొండతీగ బండి కూడా గేరులో వేసినా హాయిగా దొర్లింది. బురద బండిని గేరులో వేసి ఇద్దరం కలిసి తోశాం. కదల్లేదు. మామ చెప్పులు విడిచి మళ్లీ తోశాడు. కాళ్లు నిగడదన్నిన ఎద్దులా నిలబడింది.

“గిదొక్కటే పశువు,” అన్నాడు మామ దాని వీపు మీద చరిచి. “కడుపుల నీళ్లు పోయి సచ్చింది. కాళ్లు మంచిగున్నయ్.”

“మూడూ కలిపేనండీ,” అన్నాడు సూపర్‌వైజరు.

మామ భుజం మీది తువ్వాల తీసి అతని కుడిచేతి మీద కప్పాడు. తన చేయి కిందకి దూర్చాడు. అంగట్లో బేరం అలాగే జరుగుతుంది: పక్కవాళ్లకు తెలియకుండా తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, షరతులుంటే చెవిలో గొణుగుతారు. సూపర్‌వైజరుకు ఇదేమీ తెలియదు. ముసలాయన ఉన్నట్టుండి చేయి పట్టుకునేసరికి మెడ దాకా ఎర్రబడ్డాడు. మామ అతని చెవిలో ఏదో చెప్పాడు. అతను నా వైపు జాలిగా చూశాడు. తర్వాత తువ్వాల కింద ఏదో కదిలింది, అతను కిసుక్కున నవ్వాడు. మామ మళ్లీ గొణిగాడు. అతని కనుబొమలు పైకి లేచాయి. కొనేది నేను, పైసలు నావి, పోతే పోయేది నా పని. కానీ రెండు గజాల దూరంలో నిలబడి తువ్వాల ముడతలు చదవడం తప్ప నాకు చేయగలిగింది లేదు.

“మామా, ఎంత అంటున్నడు?”

“నువ్వు నోరు మూసుకో. నువ్వు మాట్లాడుతవనే తువ్వాల ఏసిన.”

చివరికి మామ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. “ఖతం. అయిపోయింది.”

“కొన్నమా?”

“కొనుడు లేదు. నీ బండి అమ్మిన.”

నా కాళ్లు గేరు వేయకుండానే కదిలాయి. “నా బండినా?”

“అమ్మలేదు, భయపడకు. కిరాయికి ఇచ్చిన. నిన్ను గూడ కలిపి.”

సూపర్‌వైజరు సిగ్గుపడుతూ వివరించాడు. “మా పెద్దసారు సోమవారం వస్తున్నారండీ. ఈ గడ్డి చూస్తే గడ్డిని వదిలేసి నన్ను కోస్తారు. బురద బండి గేర్ బాక్స్ మీరు ఊడదీసుకోండి. పైసా వద్దు. ఆదివారం పొద్దున వచ్చి మాది కోసిపెట్టండి, ఆ తర్వాత ఈ సీజనంతా పదిహేను రోజులకోసారి.”

అప్పుడు చుట్టూ చూశాను. రిసార్టు గడ్డి మోకాలు దాటి ఉంది. మూడు బండ్లు చచ్చిన చోట గడ్డి ఎవరు కోస్తున్నారని నాకు తోచనే లేదు. మామ మాత్రం గేటు దగ్గరే అది చూశాడు; బైకు దిగుతూనే పంచె ఎగ్గట్టింది అందుకే.

శుక్రవారమంతా ఉస్తాద్ దుకాణంలోనే గడిచింది. సాయంత్రానికి గేర్ బాక్స్ నా బండిలో కూర్చుంది. స్టార్టు చేస్తే బుద్ధిగా ముందుకు నడిచింది. నేను ఉస్తాద్‌ను కౌగిలించుకున్నాను. ఆయన విడిపించుకుని రివర్సు వేశాడు. కటకటమంది తప్ప బండి కదల్లేదు.

“ఎనుకకు పండ్లు లేవు భాయ్. ఎనుకకు నూకి చూడలేదా?”

చూడలేదు. మామ చేతుల మీదుగా ఎన్నో ఎడ్లు మారాయి గానీ, ఏ ఎద్దునూ వెనక్కి నడిపించి చూడలేదు. ఎవరూ చూడరు. ఆ సంగతి మామకు చెబితే, “ముందలికి పోయేటందుకే గద కొనేది,” అన్నాడు. మనం కొననే లేదని నేను గుర్తు చేయలేదు.

శనివారం పొద్దున గార్డెన్‌లో దిగాను. వెనక్కి రాని బండితో మూలలు కోయలేం; మూలలోకి పోతే అక్కడే సంసారం పెట్టాలి. చివర తిప్పుకునే చోటు లేదు కాబట్టి సీదా గీతలూ కుదరవు. మండపం దగ్గర మొదలుపెట్టి దాని చుట్టూ తిరిగాను. ఆ చుట్టు చుట్టూ ఇంకో చుట్టు. మధ్యాహ్నానికి తల కూడా తిరగడం మొదలైంది. మా ఆవిడ కొడవలి తీసుకుని వచ్చి, ఒక్క మాటా అనకుండా మూలల్లో మిగిలింది కోసింది. ఆ అనని మాటలు నాకు స్పష్టంగా వినబడ్డాయి.

పొద్దు వాలుతుండగా యజమాని వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. పచ్చిక నిండా మండపం నుంచి ప్రహరీ దాకా గుండ్రాలు గుండ్రాలు, చెరువులో రాయి వేసినట్టు.

“గిదేంది?”

నా నోరు నాకన్నా ముందే తెరుచుకుంది. “కొత్త డిజైన్ సార్. మండపం చుట్టు ప్రదక్షిణం లెక్క.”

మా ఆవిడ కొడవలి పక్కన పెట్టి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మండపం ఎక్కాడు. పై నుంచి అటూ ఇటూ చూశాడు. ఫోను తీసి ఒక ఫోటో తీసుకున్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. కిందికి దిగి నా ముందు నిలబడ్డాడు.

“గింత మంచిగ వస్తదని తెలిసి కూడ ఇన్నొద్దులు గీతలు గీతలు ఎందుకు కోసినవయ్యా?”

నేను వంగి చక్రానికి చుట్టుకున్న గడ్డి పీకసాగాను.

“ఇగ ప్రతి పెండ్లికి గిట్లనే కొయ్యాలె,” అని వెళ్లిపోయాడు.

గార్డెన్‌లోనూ రిసార్టులోనూ గుండ్రాలే కోస్తూ వచ్చాను. ఆ వానాకాలంలో ఉస్తాద్ ఎక్కడి నుంచో రివర్సు పళ్లు సంపాదించి కబురు పెట్టాడు. పోయి చూశాను, మంచివే. వద్దని చెప్పి, చాయ్ తాగి వచ్చాను.