పట్టపగలు పట్టిన నిద్ర

సీసాల ఫ్యాక్టరీలో ఆమెది ఎప్పుడూ రాత్రి షిఫ్టే. పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే కునుకు పట్టేది కాదు. పట్టినా కుక్కర్ కూతకే లేచి కూర్చునేది. కళ్ళు మంటలు, అయినదానికీ కానిదానికీ చిరాకు. చివరికి ఫ్యాక్టరీ నర్సుతో చెప్పుకుంది.

"నీ ఒంటికి పగలేదో రాత్రేదో తెలియట్లేదమ్మా. వెలుతురుతోనే దానికి చెప్పాలి," అంది నర్సు. "షిఫ్టు మొదట్లో పెద్ద లైట్ల కింద పనిచెయ్యి. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో నల్ల కళ్ళజోడు పెట్టుకో. పడుకునే గది చీకటిగా ఉండాలి."

ఆమె మర్నాడే మొదలుపెట్టింది. కళ్ళజోడుతో బస్సు దిగుతుంటే పక్కింటావిడ, "కళ్ళకేమైనా ఆపరేషనా?" అని ఆరా తీసింది. అత్తగారు మాత్రం గది చీకటిగా ఉండాలని వినగానే దళసరి దుప్పటి తెచ్చి, కిటికీకి మేకులతో బిగించింది.

కొన్నాళ్ళు పెద్ద తేడా కనిపించలేదు. ఒకరోజు మధ్యాహ్నం దాటినా గదిలో అలికిడి లేదు. కుక్కర్ కూసినా లేవలేదు.  అత్తగారు మెల్లగా లోపలికెళ్ళి, కోడలి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఏంటత్తయ్యా?"

"ఊపిరాడుతోందో లేదో చూశానే! మూడు దాటింది!"

"మూడా? నిజంగా మూడేనా?"

ఒక్క ఉదుటున మంచం దిగి అత్తగారిని వాటేసుకుంది. "నిద్రపోయానత్తయ్యా! మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు!"

"వదలవే, నా నడుం విరుగుతుంది!" అంటూనే అత్తగారు పకపకా నవ్వేసింది.

ఆ సాయంత్రం ఆమెకు కాలు నిలవలేదు. నర్సుకు ఈ కబురు చెప్పాలన్న తొందరలో, బస్సు వచ్చేదాకా ఆగలేక నడిచే బయల్దేరింది.