మంచం మీది నుంచి మంద దగ్గరికి

ఆ మధ్యాహ్నం కేతేపల్లి అవతలి బీడులో గొర్రెలు నీళ్ళు తాగుతుంటే, "గా నల్ల గొర్రె నన్ను పేరు పెట్టి తిడుతాంది" అన్నాను. తోటి కాపర్లు కడుపు పట్టుకుని నవ్వారు. పటేలు నడక నడిచి చూపించి ఊరిని నవ్వించేవాణ్ణి కదా, ఇదీ అలాంటిదే అనుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గొర్రె నిజంగానే తిడుతోంది.

కొన్నాళ్ళకు మందంతా తిట్టసాగింది. నా భార్య సాయమ్మ జొన్న గటకలో విషం కలుపుతోందని తినడం మానేశాను. అన్న మల్లయ్య దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించాడు. చివరికి గుంజకు గొలుసుతో నన్నే కట్టేశాడు.

హైదరాబాదు దవాఖానలో డాక్టరు స్కిజోఫ్రీనియా అన్నాడు. అంత పెద్ద పేరు మా వంశంలో ఎవరికీ లేదు. కరెంటు షాకులు ఇచ్చారు. తరువాత క్లోర్‌ప్రోమజైన్ అని కొత్తగా వచ్చిన గోలీలు. చేతులు వణికాయి, నోరు ఎండిపోయింది, కాని గొర్రెలు నోరు మూసుకున్నాయి.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. నా చేతికి కర్ర ఇవ్వలేదు. "నువ్వు పండుకో తమ్మీ, నీకెందుకు ఫికర్" అనేవాడు అన్న. ప్రేమతోనే అనేవాడు. మంద వెళ్ళిపోయేది, నేను మంచం మీద మిగిలేవాణ్ణి. పరాచికమాడితే, మళ్ళీ మొదలైందేమోనని నా కళ్ళలోకి చూసేవారు. నవ్వించడం మానేశాను. ఒకరోజు చెప్పకుండా మంద వెంట పోతే, ముఖం, మెడ బొబ్బలెక్కాయి; ఆ గోలీలు మింగేవాళ్ళకు ఎండ పడదట. గోలీలు ఆపేశాను. కొన్ని నెలలకే గొర్రెలు మళ్ళీ అందుకున్నాయి. ఈసారి బావిలో దూకమన్నాయి. సాయమ్మ నా గొంగడి పట్టి వెనక్కి లాగింది.

రెండోసారి దవాఖానలో ఒక చిన్న డాక్టరు కనిపించాడు. ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎందుకు తిరిగొస్తున్నారని రీసెర్చ్ చేస్తున్నాడట.

"ఇంటి దగ్గర పొద్దంతా ఏం చేసినవ్?" అన్నాడు.

"మంచానికి కావలి ఉన్న సారూ."

అతను నవ్వలేదు. రాసుకున్నాడు. ఎండ తగలకుండా చేసే పని ఏదైనా ఉందా అని సాయమ్మను అడిగాడు.

మా గొల్లల ఇళ్ళలో పసి గొర్రెపిల్లలు మందతో పోవు. వాటిని బుట్టల కింద ఉంచి, పొద్దున, సాయంత్రం ఏ పిల్లను ఆ తల్లి దగ్గర పాలకు విడవాలి. ఇంటికి రాగానే సాయమ్మ మా అన్న ముందు నిలబడింది.

"బావా, గొర్రెపిల్లల ఇడిసే పని ఆయనకియ్యి. లేకుంటే నన్ను గూడ గా గొలుసుకే కట్టెయ్యి."

తెల్లారి అన్నే బుట్ట ఎత్తి నా పక్కన నిలబడ్డాడు. సాయమ్మ దగ్గరుండి మళ్ళీ మింగిస్తున్న గోలీలకు చేతులు వణికి పిల్లలు జారిపోయేవి. ఒకదాని పిల్లను ఇంకోదానికి విడిస్తే ఆ గొర్రె తన్నేది. అన్న పళ్ళు కొరుక్కున్నాడు గాని బుట్ట లాక్కోలేదు.

ఇప్పటికీ మందను నాకు ఒంటరిగా అప్పగించరు. కొన్ని పొద్దులు చావే నయమనిపిస్తుంది. అప్పుడు బుట్టల కింద పిల్లలు అరుస్తాయి, లేవక తప్పదు.

మీ ఇంటికి ఇలాంటి మనిషి తిరిగొస్తే, గోలీ మింగేదాకా దగ్గరుండి చూసి, అతనికి వచ్చిన పనిలో ఒక ముక్క చేతికివ్వండి. కొంత చెడగొడతాడు. చెడగొట్టనివ్వండి.