రేడియేటరు తాగిన తీర్థం

యుద్ధం ముగిసిన మరుసటి వేసవి. తిరుపతి కొండమీద మా బాబుకు పుట్టువెంట్రుకలు తీయించి, మావారు తన స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చి నడుపుతున్న కారులో చిత్తూరు తిరిగి వస్తున్నాము. వీధిలో అందరికీ పంచాలని అత్తగారు చెంబునిండా తీర్థం తెచ్చి ఒళ్లో పెట్టుకున్నారు.

చంద్రగిరి దాటాక రైలు గేటు వేసి ఉంది. కొండమీద కన్ను మూయని బాబు ఇంజను చప్పుడుకు నిద్రపోయాడు. మావారు ఇంజను ఆపబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఆపితే లేస్తాడండీ!"

రైలు ఎంతకీ రాలేదు. కారు బుర్రుమంటూనే ఉంది. ఉన్నట్టుండి ముందునుంచి బుస్సుమని ఆవిరి లేచింది. కారు పేలిపోతుందని బాబును ఎత్తుకుని బయటికి దూకాను. వాడు లేచి గుక్కపట్టాడు.

"నిలబెట్టి ఇంతసేపు తిప్పితే రేడియేటరులో నీళ్లు మరిగిపోయినాయి," అన్నారు మావారు. మళ్లీ పోద్దామంటే గేటు దగ్గర నీళ్ల కుండ ఖాళీ. అందరి చూపూ చెంబు మీదికి పోయింది.

"వీధంతా కాసుకోని ఉంటారు కదరా నాయనా!" అని అత్తగారు చెంబును కొంగు కింద దాచారు. కానీ గంధం పూసిన మనవడి గుండు ఎండకు కందిపోతుంటే చూడలేకపోయారు. ఇంజను చల్లారాక "గోవిందా!" అంటూ తీర్థమంతా తనే రేడియేటరులో పోసేశారు.

ఇంటి ముందు చేతులు చాచిన వాళ్లతో, "తీర్థం దీని కడుపులో ఉండాది. దీనికే మొక్కుకోండమ్మా!" అన్నారు. వాళ్లు నిజంగానే కారుకు కుంకుమ పెట్టి ప్రదక్షిణ చేశారు.

నిలబడిన కారులో ఇంజను తిరుగుతుంటే నాకిప్పటికీ గుండె దడే. బాబును నిద్రపుచ్చడానికి ఇప్పుడు మావారే బుర్రుమంటున్నారు. ఎక్కువసేపైతే ఆయనా నీళ్లు అడుగుతారు.