ఎంక్వయిరీ మావయ్య అడిగే రెండో ప్రశ్న

మా ఇంటి ఓనరు మావయ్య పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న నేను ఒక చీరల కొట్టు వెబ్‌సైటులో బటన్ రంగు మారుస్తున్నాను. ఆ కొట్టాయనకి పెట్టిన గులాబీ నచ్చలేదు, ఇంకాస్త గులాబీగా ఉండే గులాబీ కావాలట. దాంతో కుస్తీ పడుతుంటే మెట్ల కిందనుంచి అత్తయ్య, అంటే మావయ్య భార్య, నన్ను పిలిచింది. ఆవిడ ఎప్పుడూ "కోడలుపిల్లా" అంటుంది. ఆ రోజు పేరు పెట్టి పిలిచింది. కిందికి పరిగెత్తాను. మావయ్య వసారాలో తన కుర్చీలోనే ఉన్నారు. పక్కన స్టూలు మీద టీ గ్లాసు, సగం తాగింది. డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. డెబ్బై దాటిన మనిషి, ఎవరిచేతా చాకిరీ చేయించుకోలేదు, మంచి చావు అన్నారు వచ్చినవాళ్ళంతా. వాళ్ళు అంటే అన్నారు గానీ నాకు ఒళ్ళు మండింది. మనిషి లేకుండా పోయాక అందులో మంచేమిటి?

ఆయన నాకు చుట్టం కాదు. విజయనగరంలో నేను అద్దెకుంటున్న ఇంటి యజమాని, అంతే. నేను పైవాటా, వాళ్ళు కిందివాటా. ఆయన ఉద్యోగమంతా ఈ ఊరి బస్ కాంప్లెక్సులో ఎంక్వయిరీ కౌంటరు వెనకే గడిపారు. రిటైరై ఎన్నేళ్ళయినా వీధి వీధంతటికీ ఎంక్వయిరీ మావయ్యే. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, పాలకొండ అంటూ మైకులో చదివిన గొంతు ఇంట్లోనూ మారలేదు. అన్నం దగ్గర మజ్జిగ కావాలన్నా రెండుసార్లు అనేవారు, అదీ సాగదీసి. మొదటిసారికే వినపడింది లెండి అని అత్తయ్య విసుక్కునేది. ఆ విసుగు కూడా ఆయనకి వినపడేది కాదు.

నేను వెబ్‌సైట్లు తయారుచేస్తాను. విశాఖపట్నంలో నాలుగేళ్ళు ఒక ఆఫీసులో చేసి, అక్కడి అద్దెలకీ ట్రాఫిక్కుకీ దండం పెట్టి, పని ఇంటినుంచే కదా అని విజయనగరం వచ్చేశాను. వచ్చిన మర్నాడే గేటు తీస్తుంటే ఎక్కడికమ్మా అన్నారు మావయ్య. విశాఖ అన్నాను. ఎందుకెల్తన్నావు అన్నారు. అదిగో, అక్కడ నాకు మండింది. ఆడపిల్ల గేటు మీద చెయ్యి వేస్తే చాలు, ఎందుకు అని అడిగే హక్కు ఈ దేశంలో ప్రతి కుర్చీకీ ఉంటుంది. పనుంది అని ముక్తసరిగా చెప్పి వెళ్ళిపోయాను. ఇలా నెల రోజులు సాగింది. ఆయన మానలేదు, నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. వేరే ఇల్లు చూసుకుందామని కూడా అనుకున్నాను.

ఒకరోజు మాత్రం కోపమొచ్చి మొత్తం చెప్పేశాను. లాప్‌టాప్ మూత కీలు విరిగింది, విశాఖలో బాగుచేయించాలి, రెండు బస్సులు మారాలి, సాయంత్రానికి వస్తాను, ఇంకేమైనా కావాలా అన్నాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. దానికి విశాఖెందుకు, గంటస్తంభం వెనక మెట్ల కింద ఒకతను కూర్చుంటాడు, గంటలో చేసి ఇస్తాడని చెప్పారు. గంట కాదు, నలభై నిమిషాల్లోనే ఇచ్చాడతను. తిరిగొచ్చి గేటు దగ్గర నిలబడితే మావయ్య పేపరు మడిచి, బస్సు అడిగేవాళ్ళలో సగం మందికి బస్సు అక్కర్లేదమ్మా అన్నారు. ఆ రోజుతో వేరే ఇల్లు వెతకడం మానేశాను.

అప్పటినుంచి ఆయన మధ్యాహ్నం పూట పైకి రావడం మొదలుపెట్టారు. లుంగీ సర్దుకుని, నా పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జరుపుకుని కూర్చునేవారు. వెబ్‌సైటు అన్న మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఆయన లెక్కలో అవన్నీ కౌంటర్లే. ఇది ఎవరి కౌంటరు, వాళ్ళెక్కడ కూర్చుంటారు, మనిషి ఎటునుంచి రావాలి అని అడిగేవారు. పిల్లల ఆసుపత్రి ఒకటి చేస్తున్నప్పుడు, పేజీ నిండా పడేలా ఒక తల్లి నవ్వుతున్న ఫొటో పెట్టాను. చాలా బాగా కుదిరిందని నాకు లోపల కాస్త గర్వం. మావయ్య చాలాసేపు చూశారు.

"ఈవిడెవరు?"

మోడలు మావయ్యా, ఫొటో కోసం నిలబడింది అన్నాను.

"ఈవిడ పిల్లకి జొరం నేదు కదా. జొరమొచ్చిన పిల్లనెత్తుకొచ్చినోళ్ళు ఏటి నొక్కాలి?"

నేను వెతికాను. నేను చేసిన పేజీలో నేనే వెతుక్కున్నాను. ఫోన్ నంబరు అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ రోజు ఆ నవ్వే తల్లిని తీసి పక్కన పెట్టేశాను.

ఇప్పుడు మన ఊళ్ళు ఎలా ఉన్నాయో మీకూ తెలుసు. భోగాపురం విమానాశ్రయం వైపు వెళ్ళే రోడ్డు పొడుగునా విమానాల బొమ్మలేసిన ప్లాట్ల బోర్డులు. ఇంగ్లీషు పేరు పెట్టిన కాఫీ హోటల్లో పెసరట్టు కావాలన్నా బల్ల మీద గళ్ళ బొమ్మని ఫోనుతో స్కాన్ చేయాలి. పక్కనే సర్వరు ఖాళీగా నిలబడి ఉంటాడు, అతన్ని అడగకూడదు. కాంప్లెక్సులో జనం చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోన్ని అడుగుతారు గానీ పక్కవాణ్ణి అడగరు. ఆ ఫోను మన పేరు అడుగుతుంది, పుట్టినరోజు అడుగుతుంది, ఓటీపీ అడుగుతుంది, మనం ఎక్కడున్నామో నిమిషానికోసారి కనుక్కుంటుంది. ఎందుకొచ్చావమ్మా అని మాత్రం ఒక్కసారీ అడగదు. వీటిని తయారుచేసేవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ తిట్టడం లేదు, నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఇక కోట సంగతి చెప్పాలి. మాది శృంగవరపుకోట. మా ఊరివాళ్ళం అంత పొడుగు పేరు ఎప్పుడూ అనం, కోట అంటాం, అయిపోయింది. ఒక రక్తపరీక్షల ల్యాబుకి సైటు చేస్తూ, మా ఊళ్ళో వాళ్ళకున్న శాఖకి "కోట బ్రాంచి" అని బటన్ పెట్టాను. ఎంత సహజంగా పెట్టానంటే రెండోసారి చూసుకోలేదు. విజయనగరంలోవాళ్ళకి కోటంటే ఊరి నడిబొడ్డున ఉన్న రాళ్ళ కోట కదా. రిటైరైన మాస్టారొకాయన ఆ బటన్ చూసి పరగడుపున రక్తం ఇవ్వాలని వచ్చి, ఆ కోట చుట్టూ ఎండలో పదింటి దాకా తిరిగాడట. షుగరు మనిషి. కళ్ళు తిరిగి సోడా బండి దగ్గర కూలబడ్డాడట. ల్యాబాయన నాకు ఫోన్ చేసి చెడామడా వాయించేశాడు. లోపల పూర్తి అడ్రసు ఉంది కదండీ, చదువుకోవాలి కదా అని నేనూ గొంతు పెంచాను.

కింద వసారాలోకి నా గొంతు వినపడినట్టుంది. మావయ్య ఒక్కో మెట్టూ ఎక్కి పైకొచ్చారు.

"కోటంటే నీకేటే?"

"మా ఊరు."

"నాకేటి?"

మావయ్య కిటికీలోంచి రాళ్ళ కోటవైపు చెయ్యి చూపించారు.

"ఎక్కడికన్నది నోరు సెప్పీస్తాది. ఎందుకన్నది మనవే అడగాల."

అంతే అని కిందికి వెళ్ళిపోయారు. ఉపన్యాసం లేదు, దెప్పడం లేదు. నేను ఆ పేజీ మొత్తం తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఊళ్ళ పేర్లు వెనక్కి నెట్టి, ముందు ఒకే ప్రశ్న పెట్టాను: ఏ పని మీద వచ్చారు? రక్తం ఇవ్వడానికా, రిపోర్టు తీసుకోవడానికా, ఇంటికి మనిషిని పిలిపించుకోవడానికా? ఆ తర్వాతే ఊరు, అదీ పూర్తి పేరుతో. వారం తిరక్కుండా ల్యాబాయన మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి ఇంకో ఇద్దరికి మీ పేరు చెప్పానండీ అని.

ఇక్కడిదాకా చెప్పడం తేలికే. దీని తర్వాతది చెప్పడానికే ఇది రాయడం మొదలుపెట్టాను.

మావయ్య అన్న ఆ మాట నేను కొట్టేశాను. విశాఖలో ఒక కంపెనీవాళ్ళు కుర్రకారుకి డిజైను గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్ళి, "ఎక్కడికి అన్నది అందరూ చెబుతారు, ఎందుకు అన్నది మనమే అడగాలి" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఎవరు చెప్పారో చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఈలోగా ఒకతను లేచి, మేడమ్ మళ్ళీ చెప్పండి, రాసుకుంటాను అన్నాడు. మళ్ళీ చెప్పాను, మావయ్య ఊసెత్తకుండా. నెల్లాళ్ళకి ఆ వాక్యం వాళ్ళ ఆఫీసు గోడ మీదకెక్కింది, కింద నా పేరుతో. నా సొంత వెబ్‌సైటు మొదటి పేజీలో నేనే పెట్టుకున్నాను, పెద్ద అక్షరాలతో, మళ్ళీ నా పేరుతోనే. ఆ వాక్యం చూసి పని ఇచ్చినవాళ్ళున్నారు. రెండేళ్ళుగా నేను తింటున్న అన్నంలో ఆ మాటది పెద్ద వాటా.

మావయ్యకి ఇదేమీ తెలీదు. కానీ అందరి కౌంటర్లూ చూస్తారు కదా, నీ కౌంటరేదే, చూపించు అని అడగడం మొదలుపెట్టారు. రిపేరులో ఉంది మావయ్యా అన్నాను. వారం పోయాక మళ్ళీ అడిగారు. ఇంకా రిపేరే అన్నాను. ఊళ్ళో వాళ్ళ కౌంటర్లన్నీ బాగుచేసి తన కౌంటరు మూసి పెట్టుకుందని అత్తయ్యతో చెప్పి నవ్వేవారు. చెబితే ఏమనుకుంటారో అని భయం. ఇంట్లో ఉంటూ, పక్కన కూర్చోబెట్టుకుని, నోట్లో మాట ఎత్తుకుపోయిందని మనసు కష్టపెట్టుకుంటారేమో, పైకి రావడం మానేస్తారేమో అని. ఆ ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉండటం నేను ఊహించుకోలేకపోయాను.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ముగ్గురం కింద వసారాలో కూర్చున్నాం. అత్తయ్య తాటిముంజలు ఒలుస్తోంది. నీ కౌంటరు బాగయిందా అన్నారు మావయ్య. ఇంక దాచలేకపోయాను. ఫోన్ తీసి, ఆ వాక్యం చూపించి, పైకి చదివి, కింద నా పేరు కూడా చదివాను. మావయ్య ఫోన్ కేసి చూశారు.

"నాది కాదే" అన్నారు.

చచ్చాననుకున్నాను. నా పేరు లేదే, నాది కాదా ఆ మాట అని నిలదీస్తున్నారనుకుని గబగబా చెప్పుకుపోయాను. తప్పయింది మావయ్యా, బుద్ధి గడ్డి తింది, ఇప్పుడే తీసేస్తాను, మీ పేరు పెడతాను, విశాఖవాళ్ళకి కూడా ఫోన్ చేసి చెబుతాను అన్నాను. ఏడుపొచ్చేసింది. అత్తయ్య ముంజలు వదిలేసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఓసి పిచ్చిదానా. ఆ మాట నాది కాదే అన్నాను. నా పేరెట్టకు."

మరి ఎవరిది అన్నాను ముక్కు తుడుచుకుంటూ. అప్పుడు చెప్పారు. అత్తయ్య కూడా అదే మొదటిసారి వినడం.

ఆయన కౌంటర్లో కొత్తగా కూర్చున్న రోజులట. కౌంటరు అద్దానికున్న కంతలోంచి ఒక ముసలావిడ కోట బస్సెక్కడ బాబూ అని అడిగింది. ఫలానా ప్లాట్‌ఫారం, బయల్దేరుతోంది, పరిగెత్తు అని చెప్పారు. టకీమని జవాబు చెప్పానని సంబరపడ్డారు కూడా. ఆవిడ పరిగెత్తి ఎక్కింది. ఆవిడది బొబ్బిలి అవతల పల్లె. అక్కడివాళ్ళకి కోటంటే రాజుల కోటే గానీ కోట అనే ఊరొకటి ఉందని తెలీదు. కూతుర్ని పురిటికి చేర్పించిన ఆసుపత్రి విజయనగరం కోట పక్కనే ఉంది, కాంప్లెక్సునుంచి నడిచి వెళ్ళిపోయే దూరం. ఆవిడ మా శృంగవరపుకోట దాకా వెళ్ళి, అక్కడ అడిగి, ఏడ్చి, మళ్ళీ బస్సెక్కి వచ్చేసరికి పొద్దుగూకింది. అమ్మ వచ్చిందా అని అడిగి అడిగి ఆ పిల్ల అప్పటికే ప్రసవించి నిద్రపోయిందట.

నేను ఆ సాయంత్రమే నా సైటులో నా పేరు తీసేశాను. విశాఖవాళ్ళకీ ఫోన్ చేసి గోడ మీద తీయించాను. వాక్యం అలాగే ఉంది, కింద ఎవరి పేరూ లేదు. ఆ ముసలావిడ పేరేమిటో మావయ్యకి తెలీదు మరి.

మావయ్య ఆ మధ్యాహ్నం చెప్పింది ఇంకొంచెం ఉంది. ఆ పురుడయిన తొమ్మిదో రోజునో పదో రోజునో బొబ్బిలి బస్సుకోసం ఆ తల్లీ కూతురూ కాంప్లెక్సుకి వచ్చారట. ముసలావిడ తిన్నగా కౌంటరు దగ్గరికొచ్చి నిలబడింది. తిట్టడానికే వచ్చిందని మావయ్య తల వంచుకున్నారు. ఆవిడ తిట్టలేదు. పాత చీర గుడ్డలో చుట్టిన మనవణ్ణి కంత దగ్గరికి ఎత్తి పట్టుకుంది.

"ఈడు పుట్టినప్పుడు నాను బస్సులో ఉన్నాను బావూ. ఎక్కడికో నాను సెప్పినాను. ఎందుకో నువ్వడగనేదు."

మావయ్య ఏదో ఒకటి చెయ్యాలని కంతలోంచి వేలు బయటికి పెట్టారు. ఆ గుంటడు ఆ వేలు గుప్పిట్లో పట్టేసుకున్నాడు. వెనక లైనులో జనం సాలూరు బస్సెళ్ళిపోతోంది, బేగి సెప్పండని అరుస్తున్నారు. ఈయన మైకు పక్కన పడేసి, వేలు లాక్కోవడానికి చేతులు రాక, కంతకి తల ఆనించి అలాగే కూర్చుండిపోయారట.