వాక్యం దేవునిది, తెలుగు వాళ్లది

మొన్న గద్వాల నుంచి వనపర్తి వస్తుంటే బస్సులో పక్క సీటామె ఫోన్ తెరిచి దేవుని వాక్యం చదువుకుంటోంది. తెలుగు బైబిలు, మొదటి నుంచి చివరిదాకా ఉంది. ఎవరు పెట్టారని అడిగితే, అచ్చువేసేవాళ్లే అందరికీ ఉచితంగా పెట్టారంది. మా మేనమామ గుర్తొచ్చి, దిగాల్సిన చోటు దాటిపోయాను.

మామ గద్వాలలో బడిపంతులుగా రిటైరయ్యాడు. అదే ఏడు అత్త పోయింది. పిల్లలు లేరు. ఊళ్లోకి అప్పుడప్పుడే ఇంటర్నెట్ సెంటర్లు వస్తున్న రోజులవి. మధ్యాహ్నాలు ఇంట్లో గడియారం చప్పుడు భరించలేక మామ ఒక సెంటర్‌కి పోయి, రెండు వేళ్లతో తెలుగు టైపు కొట్టడం నేర్చుకున్నాడు. 'క్ష' ఎట్లా పడుతుందో తెలిసిన రోజు నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. అత్తకి ఇష్టమైన కీర్తనలతో మొదలుపెట్టి, ఇంట్లో ఉన్న అచ్చు బైబిలు చూసి ఒక్కో అధ్యాయమే కొట్టి నెట్‌లో పెట్టసాగాడు. చదివేవాళ్లుంటారని ఆయన అనుకోలేదు. కువైట్ దవాఖానలో నర్సుగా ఉన్న నాగర్‌కర్నూల్ అమ్మాయి ఒకామె, "సార్, ఈడ తెలుగు అక్షరం కనబడక ఏండ్లయింది" అని రాసింది. ఆ రోజు నుంచి మామ చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ సెంటర్‌కి పోయేవాడు.

కొన్నాళ్లకి ఆ అనువాదం అచ్చువేసే సంస్థ మర్యాదగానే మెయిల్ పంపింది. హక్కులు మావి, తీసేయండని. మామ నన్ను వెంటబెట్టుకుని హైదరాబాద్ పోయి అనుమతి అడిగాడు. అక్కడి పెద్దమనిషి టీ ఇప్పించి, "వాక్యం దేవునిదేనండీ, తెలుగు మాత్రం మాది. ఎంతోమంది ఏళ్ల తరబడి చేసిన పని. ఎవరికి వారు పెట్టుకుంటూ పోతే తప్పులు దొర్లవా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. తిరుగు బస్సులో మామ నా వైపు తిరిగాడు. "వాక్యం దేవునిదంట, తెలుగేమో గాళ్లదంట. మరి నాదేముంది బిడ్డా?" నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

సెంటర్ నడిపేటాయన ఉపాయం చెప్పాడు. "ఆడాడ మాటలు మార్చి పెట్టుండ్రి సార్, ఎవరికి తెలుస్తది?"

"దేవుని మాట నేనెట్ల మారుస్తనయ్యా?" అని మామ ఒక్కొక్క అధ్యాయం తన చేత్తోనే తీసేశాడు. కీర్తనలు చిట్టచివర తీశాడు.

పేజీ ఎందుకు రావడం లేదో నర్సుకి ఆయనే రాసి, తన నంబరిచ్చాడు. ఒక ఆదివారం నేను అక్కడుండగా ఆమె ఫోన్ చేసింది. "జర మీరే చదివి వినిపియ్యుండ్రి సార్" అంది. మామ అద్దాలు తుడుచుకుని, బడిలో చదివినట్టు లేచి నిలబడి చదివాడు. సగంలో లైను తెగిపోయింది. ఆయనకు తెలిసింది. అయినా ఆ కీర్తన ఆఖరి మాట దాకా చదివాకే ఫోన్ పెట్టాడు. ఆమె మళ్లీ చేయలేదు. మామ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇంట్లోనే కూర్చునేవాడు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఏ హక్కుకైనా ఒక గడువుంటుందంటారు. మనుషుల గడువు దానికన్నా తక్కువ.