పెద్ద అక్షరాల్లో సిమెంట్

2016లో తెలంగాణ జిల్లాలను పునర్విభజించే నాటికి నేను చంద్రపూర్‌లో ఒక తెలుగు దినపత్రికకు స్టాఫ్ రిపోర్టర్‌ని. చంద్రపూర్ మహారాష్ట్రలో ఉన్నా, పత్రిక లెక్కలో మాది ఆదిలాబాద్ ఎడిషన్. రాజురా, కోర్పనా పల్లెల్లో తరతరాలుగా సేద్యం చేసుకునే తెలుగు కుటుంబాలు, సాస్తి బొగ్గు గనుల్లో పనికొచ్చి స్థిరపడినవాళ్లు మా పాఠకులు. వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువ, చదివేవాళ్లు తక్కువ. బడి చదువు మరాఠీలో కదా.

ఆదిలాబాద్ నాలుగు జిల్లాలు కాగానే పత్రిక కూడా పేజీలను పంచింది. కొత్త జిల్లాలకు చోటు కావాల్సి వచ్చి మా పేజీ సగమైంది. మేం రాసి పంపే కాపీలు దిద్దే డెస్క్ కరీంనగర్‌కు మారింది. అక్కడి సబ్ ఎడిటర్లలో కోర్పనా చూసినవారు లేరు.

ఆ నవంబరులో బాలల దినోత్సవానికి పిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో రాయమన్నారు. నాగపూర్ నుంచి నెలకోసారి చంద్రపూర్ వచ్చే పిల్లల నరాల వైద్యురాలిని కలిశాను. ఆమెది వరోరా వైపు రైతు కుటుంబం. ఆరేడేళ్లకే మెదడు పరిమాణంలో దాదాపు పెద్దవాళ్లదంత అవుతుందని, అసలు పని ఆ తర్వాతే సాగుతుందని చెప్పారు. చిన్నతనంలో మెదడు కణాల మధ్య కనెక్షన్లు అవసరానికి మించి పుట్టుకొస్తాయి. వాడుకలో ఉన్నవి బలపడతాయి, వాటి తీగల మీద కొవ్వు పొర పేరుకుని కబురు వేగంగా నడుస్తుంది. వాడనివి రాలిపోతాయి. చూపు, కదలికల భాగాలు ముందు కుదురుకుంటాయి. ఆలోచించి ఆగడం నేర్పే ముందుభాగం ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా కుదురుకోదు.

“పత్తి గింజలు పాదుకు రెండు పెట్టి, మొలిచాక ఒకటి పీకుతాం కదా, అలాంటిదే. చేను తగ్గదు, బాగుపడుతుంది” అన్నారు. బయల్దేరుతుంటే ఆపి ఇంకో మాట చెప్పారు. పదమూడేళ్ల పిల్లలను తెచ్చి ఇక లాభముందా అని చాలామంది అడుగుతారట. వేగం తగ్గవచ్చు గాని పని ఆగదు, నేర్పుతూనే ఉండాలని తప్పకుండా రాయమన్నారు.

మా వృత్తిలో ముఖ్యమైనది ముందు, వివరాలు తర్వాత, షరతులు చివర. చోటు చాలకపోతే డెస్క్ కాపీని తోక వైపు నుంచి కోస్తుంది. ఆ లెక్క ప్రకారమే ఆమె చివరి మాటను నేను చివరి పేరాలో పెట్టాను.

తెల్లారి పేపర్‌లో చివరి రెండు పేరాలు లేవు. ఆ చోటులో ఒక నగల దుకాణం యాడ్ ఉంది. పైన పేజీ వెడల్పునా శీర్షిక: ‘పన్నెండేళ్లకే మెదడు సిమెంట్!’

డెస్క్‌కు ఫోన్ చేశాను. ఎత్తిన కుర్రవాడు ఉత్సాహంగా ఉన్నాడు.

“అన్నా, హెడ్డింగ్ అదిరింది కదా! మీది సిమెంట్ ఫ్యాక్టరీల ఏరియానే కదా అని పెట్టిన.”

పన్నెండేళ్లని ఎవరూ అనలేదు, డాక్టరమ్మ చెప్పింది పత్తి అన్నాను.

“పత్తి అని పెడ్తే మార్కెట్ వార్త అనుకుంటరన్నా.”

గట్టిగా పట్టుబడితే రెండు రోజులకు సవరణ వేశారు, లోపలి పేజీలో, పత్తి ధరల కింద.

కొన్ని వారాల తర్వాత కోర్పనా నుంచి వర్షా మేడం ఫోన్ చేశారు. వెనకబడిన పిల్లలకు విడిగా చదువు చెప్పే టీచరు. రాధ అనే పదమూడేళ్ల పిల్లకు చిన్నప్పుడు మెదడువాపు వచ్చి, నేర్చిన అక్షరాలన్నీ పోయాయి. మేడం మళ్లీ మొదటి నుంచి దిద్దించి, మరాఠీ వాచకంలో చిన్న పాఠాలు చదివే దాకా తెచ్చారు. మా వ్యాసం పడ్డ వారం నుంచి ఆ పిల్ల రావడం లేదు. తండ్రి మాన్పించాడు.

ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. తండ్రి పోచన్న తాపీ మేస్త్రీ. వాకిట్లో తాపీ కడుగుతున్నవాడు లేచి మంచం వాల్చాడు. నేనెవరినో చెప్పగానే సంబరపడ్డాడు.

“మీ పేపర్లనే సదివిన సారు. పెద్ద అక్షరాలైతే అస్తయ్ నాకు. ఆదిలాబాద్ దిక్కు పనికి పోయినప్పుడు గోడల మీద రాసినయి సూసుకుంట నేర్సుకున్న.”

పిల్లను ఎందుకు మాన్పించావని అడిగాను.

“నేను మేస్త్రీని సారు, సిమెంట్ సంగతి నాకెర్కే. తడి మీదున్నప్పుడే గీత పడ్తది. గట్టిపడ్డంక గీకితే పలుగుతది గని గీత పడదు. పోరి రోజు తల్కాయ నొస్తున్నదని ఏడ్సుకుంటనే సదువుతుండె. ఇగ గీకుడెందుకని బంద్ జేపిచ్చిన.”

అది కోపంతో చేసిన పని కాదు. పిల్ల ఏడుపు చూడలేక చేసింది. నేను పత్తి సంగతి చెప్పాను. అతని భార్య లస్మక్క గుమ్మంలోంచి నవ్వింది.

“పత్తి ముచ్చటైతే నన్నడగకపోతివయ్యా! పొద్దుందాక సిమెంటేనాయె నీకు.” నవ్వు ఆపి నా వైపు తిరిగింది. “అయితే అచ్చేసింది అబద్ధం, మీరు నోటితోని చెప్పేది నిజం, అంతేనా సారు?”

సవరణ ముక్కను జేబులోంచి తీసి పోచన్నకిచ్చాను.

“గివి చీమల్లెక్క ఉన్నయ్ సారు” అని దాన్ని రాధకిచ్చాడు. ఆ పిల్ల శ్రద్ధగా చూసింది, తిప్పి కూడా చూసింది.

“బాపు, ఇది మరాఠీ కాదే.”

నేనే చదివి వినిపించాను. ఫలానా వ్యాసం శీర్షిక పొరపాటుగా పడింది, చింతిస్తున్నాం. అంతే ఉంది.

“గండ్ల మా రాధకు ఇంక సదువస్తదని ఏడున్నది సారు?” అన్నాడు పోచన్న.

లేదు. సరిగ్గా ఆ మాటే అందులో లేదు.

“గట్లైతే మల్ల అచ్చేయున్రి. పెద్దగ. అప్పుడు పంపుత.”

అది న్యాయమైన కోరికే. ఆ రోజే కొత్త కాపీ రాశాను. శీర్షిక నేనే పెట్టాను: ‘పదమూడేళ్లకు ఆలస్యం కాదు’. డెస్క్ దాన్ని జోనల్ ఇన్‌చార్జ్‌కు పంపింది. ఆయన హోల్డ్‌లో పెట్టారు. అంటే తిరస్కరించినట్టూ కాదు, వేసినట్టూ కాదు. రోజూ అడిగేవాణ్ని, చోటు చూస్తున్నామనేవారు. కొత్త ఏడాదిలో మా సగం పేజీని ఆసిఫాబాద్ పేజీలో కలిపేశారు. కోర్పనాకు పేపర్ కట్టలు రావడం ఆగిపోయింది. నన్ను మంచిర్యాలకు బదిలీ చేశారు.

వెళ్లే ముందు వాళ్ల ఇంటికి మరోసారి వెళ్లాను. పత్తి ఏరే కాలం. లస్మక్క, రాధ చేలో ఉన్నారు. పోచన్న ఒక్కటే అడిగాడు.

“పడ్డదా సారు?”

పడలేదన్నాను. “సరే తియ్యున్రి” అని చాయ్ పెట్టించడానికి లేచాడు. వర్షా మేడం ఆ తర్వాత రెండుసార్లు వెళ్లి అడిగారట. పిల్ల తిరిగి రాలేదు.

ఒక వాక్యానికి షరతు ఉంటే ఆ షరతు అదే వాక్యంలో ఉండాలి, చివరి పేరాలో కాదు. సవరణలో తప్పు జరిగిందనడం చాలదు, ఒప్పేమిటో రాయాలి, అదీ తప్పు పడ్డంత పెద్ద అక్షరాల్లో. మంచిర్యాలలో పదవీ విరమణ దాకా అలాగే రాశాను, డెస్క్‌తో తగాదా పడి అలాగే వేయించాను. కోర్పనాకు ఆ పేపర్ వెళ్లేది కాదు.