తడిచెయ్యి తగిలిన చింతచిగురు

మొన్న మా మనవరాలు ఫ్రిజ్జులోంచి చింతచిగురు డబ్బా తీసి నా ముందు పెట్టింది. ఆ పుల్లటి పచ్చి వాసన తగలగానే మా అక్క గుర్తొచ్చింది. నాలుగో తరగతి దాటనిదాన్ని, రాయడం ఇదే మొదలు. ఎవరికీ చెప్పని మాట, కాగితానికైనా చెప్పుకుంటాను.

అప్పుడు మాది మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లా. మార్కాపురానికి ఆమడ దూరంలో మా ఊరు. ఎండ చురుక్కుమనేసరికి చింతచెట్లు ఎర్రగా చిగురు తొడిగేవి. నాయన కొమ్మలు వంచితే అమ్మ ఒడినిండా దూసుకొచ్చి, ఈనెలు ఏరి, నడవలో పాత చీర పరిచి నీడన ఆరబోసి, ఎండ తగిలితే పులుపు పోతుందని కాపలా కాసి, గలగలమనేదాకా తిరగేసి, అరచేతుల మధ్య నలిపి, దంచిన ఉప్పు కలిపి జాడీకెత్తేది. మూతికి గుడ్డ కట్టి, పైన పలకరాయి ముక్క పెట్టేది. వానాకాలంలో కందిపప్పులో పిడికెడు వేస్తే, జొన్నరొట్టె ఇంకొకటి అడిగి తినేవాళ్లం.

"తడిచేత్తో జాడీ ముట్టినావంటే చేతులు ఇరగ్గొడతా" అనేది నాతో.

నేను ముట్టాను. గిన్నెలు తోమి, చేతులైనా తుడుచుకోకుండా, అమ్మ చేనుకు పోయినప్పుడల్లా కాస్త తీసుకుని, ఉప్పఉప్పగా చప్పరిస్తూ తొక్కుడుబిళ్లకు పరిగెత్తేదాన్ని.

ఆ శ్రావణంలో అక్క కాన్పుకు వచ్చింది. పదిహేడేళ్లది. ముఖం, కాళ్లు ఉబ్బి, నోటికేదీ సయించక మంచం పట్టింది.

"అమ్మా, చింతచిగురు పప్పు చెయ్యి. రెండు ముద్దలు తింటా" అంది.

అమ్మ సంబరంగా జాడీ విప్పింది. లోపలంతా తెల్లగా బూజు.

"ఏందే ఇది! ఎవురు పెట్టినారే తడిచెయ్యి?"

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. అక్క నా ముఖం చూసి కనిపెట్టింది.

"నేనేలేమ్మా. మొన్న నోరు చేదుగుందని తీసుకున్నా."

"నిండు మనిషివి, నిన్నేమంటా" అంటూ అమ్మ జాడీ బయటికి తీసుకెళ్లింది.

అక్క నా చెవి మెలిపెట్టి నవ్వింది. "దొంగదానా, నాకు రోంతన్నా మిగల్చకపోతివే!"

నాయన మాత్రం ఊరుకోలేదు. "కొమ్మలు కొట్టిన చెట్లకు మళ్లా చిగురొచ్చి ఉంటది. కొండకింద చూసొస్తా" అని మర్నాడు పొద్దున్నే గిద్దలూరు దిక్కు నడిచాడు. ఆ మధ్యాహ్నమే అక్కకు నొప్పులొచ్చి, ఒళ్లు కొంకర్లు పోయింది. మార్కాపురం ఆసుపత్రికి బండి కట్టేలోపే అక్కా, కడుపులో బిడ్డా పోయారు.

నాయన మరుసటి రోజు వచ్చాడు, తువ్వాలు కొసన చిన్న మూటతో. వాకిట్లో జనాన్ని చూసి అక్కడే కూలబడ్డాడు. ఆ మూట సంగతి ఎవరికీ పట్టలేదు. నడవ మూలన, నీడన, దానంతటదే ఎండింది. పెద్దకర్మ అయ్యాక అమ్మ విప్పితే గలగలమంది.

"పిచ్చిది, చెయ్యి తుడుచుకొని ఉంటే తిని పోయేది గదా" అని అమ్మ ఏడ్చింది.

నేనేనమ్మా అనలేకపోయాను. అమ్మ బతికినన్నాళ్లూ అక్కే తడిచెయ్యి పెట్టిందనుకుంది.

ఇప్పుడు ఆ నడవ లేదు, జాడీ లేదు, ఆ చెట్లు రోడ్డు వెడల్పులో పోయాయి. మొన్న మనవరాలు ఆ చిగురుతో పప్పు వండి అన్నానికి పిలిచింది. నేను కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను.

"ఇంకెంతసేపు తుడుస్తావు అవ్వా, ఆరిపోయినాయిలే" అంది.

ఆరలేదు తల్లీ.